అట్లాంటాలో పది శనివారాలు: నీళ్ల బాటిళ్లు అమ్మే పిల్లాడి పక్కన కూర్చుని లెక్క రాసిన నా అనుభవం

మా ఇల్లు అట్లాంటాకి పైన జాన్స్ క్రీక్‌లో. పక్కనే ఆల్ఫరెట్టా, ఇంకొంచెం పైకెళ్తే కమ్మింగ్, ఈ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే కదా, గుడి, ఇండియన్ స్టోర్లు, పిల్లల ట్యూషన్లు అన్నీ పది నిమిషాల దూరంలోనే. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, సౌత్‌వెస్ట్ అట్లాంటా అంటే ఎయిర్‌పోర్ట్‌కి పోయేటప్పుడు హైవే మీద నుంచి చూడటమే, ఒక్కసారి కూడా ఎగ్జిట్ తీసుకుని దిగింది లేదు. ఆఫీసులో నా టీమ్‌లోనే పనిచేసే ఒకావిడ, బ్లాక్, నాకంటే పదేళ్లు పెద్ద, ఒకరోజు లంచ్‌లో అడిగింది, కాస్కేడ్ రోడ్డు వైపు వాళ్ల చర్చిలో హైస్కూల్ పిల్లలకి శనివారాలు వ్యాపారం గురించి క్లాసులు పెడుతున్నాం, లెక్కలు చెప్పేవాళ్లు కావాలి, నువ్వు వస్తావా అని. మార్చి నుంచి మే దాకా పది శనివారాలు. సరే అన్నా.

ఆ ఏరియాకా, జాగ్రత్త, కారులో ఏమీ వదలకు అని మనవాళ్లు నలుగురైదుగురు చెప్పారు. వాళ్లు వాడిన మాటలు ఇక్కడ రాయను. మన ఇళ్లల్లో పిల్లల ముందే ఆ మాటలు దొర్లుతుంటాయి, అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఆ విషయం ఇంకోసారి వివరంగా రాస్తా.

నేనెందుకు ఒప్పుకున్నానంటే మా నాన్న వల్ల. నాన్న నరసరావుపేటలో టైలర్. ముప్పై ఏళ్లు షాపు నడిపాడు, ఇద్దరికి పని ఇచ్చాడు, దసరా సంక్రాంతి ముందు రాత్రి రెండింటిదాకా మిషన్ తొక్కేవాడు, కానీ ఆయన్ని ఎవరూ వ్యాపారి అనలేదు, దర్జీ అనేవాళ్లు అంతే. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. వ్యాపారం షావుకార్ల పనమ్మా, మనకెందుకు, నువ్వు చదువుకుని ఉద్యోగం చేసుకో అనేవాడు. ఎంత కుట్టుకూలి వచ్చింది, దారాలకీ కరెంటుకీ ఎంత పోయింది అనేది ఆయన ఏనాడూ ఒక కాయితం మీద పెట్టి చూసుకోలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఆ లెక్క ఒక్కసారైనా నేను కూర్చుని రాసిపెట్టి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, వేలిముద్రలు ఇచ్చా, మొదటి శనివారం వెళ్లా. చర్చి కింద బేస్‌మెంట్‌లో మడత కుర్చీలు, పద్నాలుగు మంది పిల్లలు, 14 నుంచి 18 ఏళ్ల వాళ్లు. అక్కడి పద్ధతి ప్రకారం పెద్దవాళ్లని పేరు ముందు మిస్ చేర్చి పిలుస్తారు, నాకు మన అక్కా పిన్నీ లాగే అనిపించింది. నేను రాత్రంతా కూర్చుని స్లైడ్లు చేసుకెళ్లా. మేడమ్ సి.జె. వాకర్, 1867లో లూసియానాలో పుట్టింది, ఏడేళ్లకే తల్లీ తండ్రీ పోయారు, బట్టలుతికి బతికి, తర్వాత జుట్టుకి రాసే సామాన్లు తయారుచేసి వేలమంది ఆడవాళ్లని ఏజెంట్లుగా పెట్టుకుంది. అట్లాంటా మనిషి హెర్మన్ రసెల్, చిన్నప్పుడు బూట్లు పాలిష్ చేశాడు, నాన్న చేసే ప్లాస్టరింగ్ పని నేర్చుకుని దాన్నే పెద్ద నిర్మాణ కంపెనీ చేశాడు. ఇంకా ఇక్కడే అట్లాంటాలో బార్బర్ పనితో మొదలుపెట్టి ఇన్సూరెన్స్ కంపెనీ దాకా వెళ్లిన అలోంజో హెర్న్‌డన్. నా మనసులో ఉన్నదేంటంటే, ఇంత గొప్పవాళ్లు మీవాళ్లే అని చెప్తే పిల్లల కళ్లు వెలిగిపోతాయని.

పిల్లలు మర్యాదగా విన్నారు. చివర్లో ఒకబ్బాయి చెయ్యెత్తి, మిస్, వీళ్లంతా చనిపోయినవాళ్లే కదా అన్నాడు. వాడు వెక్కిరించట్లేదు, నిజంగానే అడిగాడు. ప్రతి ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ మంత్ అని స్కూల్లో ఈ పేర్లే చెప్తారు, గోడమీద పోస్టర్లు పెడతారు, వాళ్లకి వీళ్లు పోస్టర్ మీది మనుషులు. ఆ వెనకాలే ఇంకో అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఇంటికెళ్లే దారంతా చెవిలో తిరుగుతూనే ఉంది. మా వీధి చివర గ్యాస్ స్టేషన్ మీ ఇండియావాళ్లది, మేం జుట్టుకి సామాన్లు కొనే షాపు కొరియావాళ్లది, మీరు వచ్చి కొన్నేళ్లే కదా, మేం 400 ఏళ్ల నుంచీ ఉన్నాం, మరి మీకు ఎలా వచ్చాయి, మాకు ఎందుకు లేవు?

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. వచ్చేవారం చెప్తా అన్నా.

ఆ వారమంతా దాని గురించే ఆలోచించా. సౌత్ అట్లాంటాలో గ్యాస్ స్టేషన్ ఉన్న మా దూరపు చుట్టం ఒకాయనకి ఫోన్ చేసి, అన్నయ్యా, నిజం చెప్పు, మొదటి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగా. బావమరిది చేబదులు, ఇద్దరు ఫ్రెండ్స్ వాటా, చీటీ పాడి ఎత్తిన డబ్బు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వదిన జీతం మీద బ్యాంకు లోను, ఊళ్లో అమ్మిన అరెకరం. అంటే ఆయనొక్కడే పెట్టిన షాపు కాదది, వెనక పదిమంది ఉన్నారు. మునిగినా తిండికి లోటుండదన్న ధైర్యం ఉంది, ఎందుకంటే వదిన ఉద్యోగం ఉంది. రెండో శనివారం పిల్లలకి ఇదంతా బోర్డు మీద రాసి చూపించా. మావాళ్లు మీకంటే తెలివైనవాళ్లు కాదు, ఎక్కువ కష్టపడేవాళ్లూ కాదు, వచ్చేటప్పుడే డిగ్రీతో వచ్చారు, అడిగితే వడ్డీ లేకుండా ఇచ్చే మనుషులు ఉన్నారు అని చెప్పా. చీటీ ఎలా నడుస్తుందో చెప్తుంటే ఒకమ్మాయి లేచి, మా అమ్మమ్మ ట్రినిడాడ్ నుంచి వచ్చింది, వాళ్లు దీన్నే సుసు అంటారు అంది. ఇంకొకడు మా జమైకా ఆంటీవాళ్లు పార్ట్‌నర్ అంటారు అన్నాడు. నెలనెలా తలా ఇంత వేసుకోవడం, వంతులవారీగా ఒకళ్లు మొత్తం తీసుకోవడం, అచ్చం మన చీటీయే (పాట మాత్రం ఉండదు). నాకు ఒళ్లు పులకరించింది.

మూడో శనివారం మా కొలీగ్ వాళ్ల వీధిలో బార్బర్ షాపు నడిపే ఆయన్ని పిలిచింది. నలభై ఏళ్లుంటాయి, స్లైడ్లు లేవు, చేతిలో నూనె మరకలున్న ఒక పాత నోట్‌బుక్కు మాత్రం ఉంది. కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. షాపు పెట్టకముందు వేరేవాళ్ల షాపులో కుర్చీ అద్దెకి తీసుకునేవాడు, వారానికి 200 డాలర్లు, ఒక కటింగ్‌కి 35, అంటే మంగళవారం నుంచి మొదలుపెడితే మొదటి ఆరు తలలు కుర్చీకే, ఏడో తల నుంచే నా ఇంటికి అన్నాడు. తర్వాత సొంతంగా పెట్టిన మొదటి షాపు 14 నెలల్లో మూతపడింది, ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ మళ్లీ అద్దె కుర్చీయే. ఇప్పుడున్నది రెండో షాపు. ఆ నోట్‌బుక్కు పిల్లలకిచ్చి తిప్పి చూసుకోమన్నాడు, ఏ నెల ఎంత నష్టమో ఎర్ర ఇంకుతో ఉంది.

నలభై నిమిషాలు ప్రశ్నలే ప్రశ్నలు. మొదటివారం నా స్లైడ్లకి నోరు విప్పని పిల్లలు, అద్దె కట్టలేకపోయినప్పుడు మీ అమ్మకి చెప్పారా, షాపు మూసిన రోజు కస్టమర్లకి ఏం చెప్పారు, అప్పు ఎవరిచ్చారు అని ఒకటే అడగడం. ఆయన కోటీశ్వరుడు కాదు, వాళ్ల తమ్ముడి జుట్టు కత్తిరించే మనిషి. పిల్లలకి ధైర్యం ఇవ్వాలంటే ఎంత పెద్దవాళ్ల కథ చెప్తే అంత మంచిదని నేను అనుకున్నా, కానీ వాళ్లకి కావలసింది తమకంటే నాలుగు మెట్లు పైన ఉన్న మనిషి, ఆ నాలుగు మెట్లలో ఎక్కడ కాలు జారిందో దాచకుండా చెప్పే మనిషి.

తమాషా ఏంటంటే ఆయన వెళ్లాకే హెర్న్‌డన్ మీద పిల్లలకి ఆసక్తి పుట్టింది. ఆయనా బార్బరే కదా. 1858లో బానిసగా పుట్టి, 1878లో 11 డాలర్లు జేబులో పెట్టుకుని ఊరు విడిచి నడిచి బయల్దేరాడు, ఒక్క ఏడాది చదువు, చివరికి అట్లాంటా పీచ్‌ట్రీ స్ట్రీట్‌లో షాండిలియర్లు వేలాడే బార్బర్ షాపు, కానీ కుర్చీల్లో కూర్చునేది తెల్లవాళ్లే. ఒకడడిగాడు, అంటే సొంత షాపులో ఆయన కస్టమర్‌గా కూర్చోలేడా అని. కూర్చోలేడు. 1906 సెప్టెంబర్‌లో తెల్లగుంపులు ఊరి మీద పడి బ్లాక్ మనుషుల్ని చంపినప్పుడు ఆయన షాపు అద్దాలు కూడా పగిలాయి. దానికి ముందు ఏడాదే, 1905లో, చర్చివాళ్లు నడపలేకపోతున్న ఒక చిన్న సహాయ సంఘాన్ని 140 డాలర్లకి కొన్నాడు, చావు ఖర్చులకి జబ్బు ఖర్చులకి పేదవాళ్లు పైసా పైసా కట్టుకునే సంఘం. అదే తర్వాత అట్లాంటా లైఫ్ ఇన్సూరెన్స్ అయింది. అద్దాలు పగిలాక మళ్లీ ఎలా తెరిచాడు, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చిందా అని పిల్లలు అడిగారు, మొదటివారం ఎవరూ అడగని ప్రశ్న అది.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది నీళ్ల పిల్లాడి సంగతి. అట్లాంటాలో ఉండేవాళ్లకి తెలుసు, వేసవిలో సిగ్నళ్ల దగ్గర, హైవే దిగే చోట బ్లాక్ పిల్లలు కూలర్ పెట్టుకుని కార్ల మధ్యన తిరుగుతూ నీళ్ల బాటిళ్లు అమ్ముతారు. వాటర్ బాయ్స్ అంటారు. డ్రైవర్లతో గొడవలు, పోలీసులు పట్టుకెళ్లడాలు, ఇవన్నీ వార్తల్లో వచ్చాయి, 2020 వేసవిలో అప్పటి మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ ఈ పిల్లలకి వేరే దారి ఏం చూపించొచ్చో చెప్పమని ఒక సలహా మండలి కూడా వేశారు. మా క్లాసులో 15 ఏళ్లవాడు ఒకడు ఆ పని చేస్తాడు. నాలుగో వారం మీ బిజినెస్ ఐడియా ఏంటో రాయమంటే ఖాళీ కాయితం ఇచ్చాడు, నాకేం ఐడియాల్లేవు మిస్ అన్నాడు. పక్కవాడు, వీడు నీళ్లమ్ముతాడు మిస్ అన్నాడు. వీడు తలొంచుకుని అది బిజినెస్ కాదు, ఊరికే అన్నాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఎంతొస్తుందో రాద్దాం రా అన్నా. వాడూ వాళ్ల కజినూ కలిసి వెళ్తారు. 40 బాటిళ్ల కేసు 5 డాలర్లు, రెండు కేసులు 10. ఎనభైలో ఒక ఏడెనిమిది ఊరికే ఇస్తారు, పెద్దవాళ్లకి, లేకపోతే వీళ్లే తాగుతారు. 72 అమ్ముతారు, బాటిల్ డాలర్. ఎంత మిగిలింది అంటే 72, తలా 36 అన్నాడు. కేసుల డబ్బు? అది అమ్మ ఇస్తుంది. ఐస్? రెండు బస్తాలు, 6 డాలర్లు, అదీ అమ్మే. ఎలా వెళ్తారు? మార్టా రైల్లో. ఒక్కో టికెట్ రెండున్నర, ఇద్దరికి రానూపోనూ 10. వాడే పెన్సిల్ తీసుకుని కింద కింద రాసుకుంటూ వచ్చాడు, 10, 6, 10, మొత్తం 26. డెబ్బై రెండులోంచి తీస్తే 46. తలా 23. ఎన్ని గంటలు నిలబడ్డారు అంటే ఐదు. ఐదుతో భాగించాడు, 4.60. దేశంలో కనీస వేతనం గంటకి 7.25 అని వాడికి తెలుసు, వాళ్లన్న బర్గర్ షాపులో చేస్తాడు. చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు. చూసి, మిస్, ఐస్ నేనెప్పుడూ లెక్కేయలేదు అన్నాడు.

నిరాశపడతాడేమో, అనవసరంగా చెప్పానేమో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వచ్చేవారం వాడు క్లాసు కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. రెండు పేజీలు రాసుకొచ్చాడు. మార్టా టికెట్ తీసేస్తే ఎంత, ధర డాలరున్నర చేస్తే ఎంత, ఎండలో కాకుండా నీడలో అమ్మితే ఐస్ ఒక బస్తా సరిపోతుందా. ఆ బార్బర్ షాపు వాడింటికి నడిచే దూరం, అక్కడ శనివారం పదిమందైనా వంతు కోసం కూర్చుని ఉంటారు, వాళ్లకి నీళ్లు అమ్మొచ్చు కదా అని. నేను అడిగి పెట్టనా అంటే వద్దు, నేనే అడుగుతా అన్నాడు. అడిగాడు. ఆయన మొదటి నెల ఊరికే పెట్టుకో, తర్వాత వారానికి పది డాలర్లు అద్దె అన్నాడట. వీడు పది ఎక్కువ, ఏడు ఇస్తా, కుర్చీల కింద వెంట్రుకలు ఊడుస్తా అన్నాడట. ఎనిమిదికి కుదిరింది.

అందరికీ ఇలా జరగలేదు, అది కూడా చెప్పాలి. పద్నాలుగు మందిలో చివరిదాకా ఉన్నది తొమ్మిదిమంది. ఒకమ్మాయి చాలా చురుకు, ఇంట్లో అద్దె కట్టాల్సి వచ్చి శనివారం షిఫ్ట్ తీసుకుంది, ఆ తర్వాత రాలేదు. అలాంటి పిల్లకి వెళ్లి కలలు కను, రిస్క్ తీసుకో అని చెప్పే హక్కు నాకు లేదనిపించింది. కష్టపడితే ఎవరైనా పైకొస్తారు అని మనవాళ్లు పార్టీల్లో తేలిగ్గా అంటుంటారు. ఈ దేశ జనాభాలో బ్లాక్ మనుషులు 13, 14 శాతం, జీతానికి మనుషుల్ని పెట్టుకున్న వ్యాపారాల్లో వాళ్లవి 3 శాతం దగ్గర. అంత తేడా బద్ధకం వల్ల రాదు. ఇక్కడే అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ అని, బ్లాక్ ఆడవాళ్ల చిన్న వ్యాపారాలకి 20,000 డాలర్ల గ్రాంటు ఇచ్చేవాళ్లు, దాని మీద 2023లో కేసు పడింది, 2024లో ఆ గ్రాంటు మూసేయాల్సి వచ్చింది. పిల్లలకి ఆ వార్త నాకంటే ముందే తెలుసు.

జడలు అల్లే అమ్మాయి సంగతి ఇంకోటి. 18 నిండాయి, పన్నెండో క్లాసు, ఇంటి దగ్గర వారానికి ముగ్గురు నలుగురికి బ్రెయిడ్స్ వేస్తుంది, ఒక్కోటి ఐదారు గంటల పని. పేరు పెట్టి పద్ధతిగా చేసుకుందామని వ్యాపారానికి ట్యాక్స్ నంబర్, అదే ఇ.ఐ.ఎన్, తీసుకోవడానికి ఫోన్లో వెతికితే పైన వచ్చిన సైటు ఒకటి రెండొందల పైన డాలర్లు అడిగింది, కార్డు నంబర్ కొట్టబోతుంటే నేను చూశా. అది ఐ.ఆర్.ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ట్యాక్స్ శాఖ, సొంత సైట్లో పైసా ఖర్చు లేకుండా వస్తుంది, పదిహేను నిమిషాల పని. నా ల్యాప్‌టాప్‌లో అక్కడే కూర్చుని తీసుకుంది. ఆ నంబర్ వచ్చిన కాయితం ప్రింట్ తీసిస్తే రెండు చేతుల్తో పట్టుకుని పేరు స్పెల్లింగ్ మూడుసార్లు చూసుకుంది. ఎన్ని మాటలు చెప్పినా రాని నమ్మకం ఒక్కోసారి తన పేరున్న కాయితంతో వస్తుంది.

తర్వాత బ్యాంకు అకౌంట్. ఆ పిల్లా, వాళ్ల అమ్మమ్మా, నేనూ వెళ్లాం. బ్యాంకు పేరు వద్దు. కౌంటర్‌లో మనిషి అమ్మమ్మ వైపు చూడకుండా ప్రతి ప్రశ్నా నన్నే అడిగాడు. ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఇది నిజంగా వ్యాపారమేనా, ఇంకో కాయితం, ఇంకో కాయితం. నేను నా చిన్న కన్సల్టింగ్ పనికి అకౌంట్ తెరిచినప్పుడు ఇవేమీ అడగలేదు. బయటికొచ్చాక నాకు కోపంతో చేతులు వణికాయి. అమ్మమ్మ మాత్రం ప్రశాంతంగా, నేనందుకే డబ్బు ఇంట్లోనే పెడతా, మా అమ్మా అంతే అంది. మొదట నేను చాదస్తం అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, బానిసత్వం పోయాక వాళ్ల కోసమే 1865లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ అని పెట్టారు, కూలి డబ్బులు దాచుకోమని ఊరూరా చెప్పారు, 1874లో అది దివాళా తీసింది, అరవై వేల పైచిలుకు మంది డబ్బు ఇరుక్కుపోయింది, చాలామందికి పూర్తిగా తిరిగి రాలేదు. అలాంటి భయం తల్లి నుంచి కూతురికి వస్తుంది, ఒక క్లాసుతో పోదు. రెండు వారాల తర్వాత ఒక చిన్న క్రెడిట్ యూనియన్‌లో, అంటే మన సహకార బ్యాంకు లాంటిదాంట్లో, అకౌంట్ తెరిచాం, అక్కడామె ముందు అమ్మమ్మకి కుర్చీ వేసింది.

ఎనిమిదో వారం అందర్నీ ఆబర్న్ అవెన్యూకి తీసుకెళ్లాం. ఒకప్పుడు బ్లాక్ వ్యాపారాలతో కళకళలాడిన వీధి, స్వీట్ ఆబర్న్ అనేవాళ్లు, హెర్న్‌డన్ కంపెనీ అక్కడే ఉండేది, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లూ ఆ వీధిలోదే. దాన్ని రెండుగా కోస్తూ మధ్యలో హైవే పైనుంచి పోతుంది. నేను పన్నెండేళ్లుగా ఎయిర్‌పోర్ట్‌కి పోతున్నది ఆ హైవే మీదే. ఆ వంతెన కింద పిల్లలతో నిలబడితే పైన కార్ల మోత తప్ప ఏమీ వినిపించలేదు. అలా చాలాసేపు నిలబడ్డాం.

చివరి శనివారం చర్చి ఆవరణలో టేబుళ్లు వేశాం. ఒక్కొక్కళ్లకి చర్చివాళ్లు 100 డాలర్లు ఇచ్చారు, అప్పు కాదు, పోతే పోయింది అని చెప్పే ఇచ్చారు. ఆ మాట చాలా అవసరం అని నా అభిప్రాయం, పోగొట్టుకోవడానికి వీలున్న డబ్బు మనవాళ్ల పిల్లలకి ఇంట్లో దొరుకుతుంది, వీళ్లకి దొరకదు. స్వీట్ పొటాటో పైలు చేసినమ్మాయివి గంటలో అయిపోయాయి. టీషర్టులు వేసినవాడివి సగం మిగిలిపోయాయి, సైజులన్నీ పెద్దవి తెచ్చాడు. జడల అమ్మాయి టేబుల్ దగ్గర ఎవరో తెలియనావిడ, చర్చి మనిషి కాదు, రోడ్డు మీద పోతూ ఆగింది, జూన్‌లో తన కూతురికి వేయించుకోవడానికి అడ్వాన్స్ 20 డాలర్లు ఇచ్చి వెళ్లింది. ఆవిడ కారు ఎక్కేదాకా ఆ పిల్ల చూస్తూ నిలబడి, తర్వాత పరిగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది, తెలియనావిడ మిస్, అస్సలు తెలియనావిడ అంటూ.

నీళ్ల పిల్లాడు ఆ రోజు మధ్యాహ్నం దాకా రాలేదు. శనివారం బార్బర్ షాపులో జనం ఎక్కువ, వదిలేసి రాలేనని మెసేజ్ పెట్టాడు. సాయంత్రం టేబుళ్లు మడతపెడుతుంటే సైకిల్ మీద వచ్చి నోట్‌బుక్కు నా చేతిలో పెట్టాడు, లెక్క సరిగ్గా ఉందో లేదో చూడు మిస్ అని. కొత్త పుస్తకం, పేజీ మధ్యలో గీత కొట్టి ఒకవైపు వచ్చింది, ఇంకోవైపు పోయింది అని రాసుకున్నాడు. పోయింది వైపు మొదటి లైనులో ఐస్ అనుంది.